కొబ్బరికాయ నిలబడిన చోట నీళ్లుంటాయా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. ఫలానా చోట మహిమ జరిగిందంటే హేతువాద సంఘాలవాళ్లు, జనవిజ్ఞాన వేదికవాళ్లు వెళ్లి అసలు ఏం చేస్తారు, ఎలా తేలుస్తారు అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే.

మా వైపు బోరు వేయించే ముందు కొబ్బరికాయతో పాయింట్ పెట్టే ఆయన్ని పిలుస్తాం. అరచేతిలో కాయ పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు. నీళ్లున్న చోటికి రాగానే కాయ దానంతటదే లేచి నిలబడుతుంది. కళ్లారా చూశాను. ఇది కూడా అబద్ధమేనా? – ఒక రైతు, కదిరి

కాయ లేవడం నిజమే. మీరు చూసింది చూసినట్టే జరిగింది. కింద నీళ్లుండబట్టే లేచిందా అన్నది మాత్రం వేరే ప్రశ్న.

ఇంట్లోనే ఒక పీచు తీసిన కాయను అరచేతిలో, వేళ్ల వైపు ఒక కొస వచ్చేలా పడుకోబెట్టి చూడండి. కాయ గుండ్రంగా ఉంటుంది కాబట్టి అలా ఎక్కువసేపు కుదురుగా ఉండదు. వేళ్లు కొంచెం పైకి వంగితే చాలు, ఆ కొస లేస్తుంది. చెయ్యి చాపుకుని పది నిమిషాలు నడిస్తే ఆ కొంచెం కదలిక మన ప్రమేయం లేకుండానే వస్తుంది. వేప పంగల కర్రతో చూసేవాళ్లదీ ఇదే కథ. రెండు కొమ్మల్నీ బయటికి లాగి పట్టుకోవడంతో కర్ర విల్లులా బిగుసుకుని ఉంటుంది. మణికట్టు గింజంత తిరిగినా కొస గిర్రున కిందికి వాలుతుంది. దారానికి కట్టిన ఉంగరం మనం అనుకున్న వైపే ఊగుతుందని ఫ్రాన్సులో రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ 1833లోనే రాశారు. 1852లో కార్పెంటర్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీనికి ఐడియోమోటర్ చర్య అని పేరు పెట్టారు. మనసులో అనుకున్నది, మనకే తెలియకుండా కండరాల్లోకి వచ్చేయడమన్నమాట.

అందుకే పాయింట్ పెట్టేవాళ్లను దొంగలనడం తప్పు. వాళ్లలో చాలామంది మనస్ఫూర్తిగా నమ్మే చేస్తారు. కాయ లేచినప్పుడు అందరికంటే ముందు ఆశ్చర్యపోయేది ఆయనే.

ఇక నీళ్లు పడతాయి కదా అంటారు. పడతాయి. రాతి నేలల్లో కూడా పైనున్న మొరం పొరలోనో, కింది రాతి పగుళ్లలోనో ఎంతో కొంత నీరు చాలా చోట్ల తగులుతుంది. వాగు పక్క, పల్లం, పుట్టలున్న చోటు, పచ్చగా నిలిచిన చెట్లు – ఇవన్నీ ఏళ్ల తరబడి పొలాలు తిరిగిన మనిషి కంటికి ఆనతాయి. ఆ అనుభవానికి విలువుంది, కాయకు లేదు. ఫెయిలైన బోర్లను ఎవరూ లెక్కపెట్టుకోరు. రెండించుల నీళ్లు పడ్డ బోరు గురించి మాత్రం పదేళ్లు చెప్పుకుంటారు.

కొబ్బరికాయ పాయింట్లు పెట్టే ఒకాయన మా ముందు పరీక్షకు ఒప్పుకున్నారు. ఏమేం సిద్ధం చేసుకోవాలి? – డిగ్రీ విద్యార్థులు, అనంతపురం

మొట్టమొదట కావలసింది కాగితం. సరంజామా తర్వాత. ఏం చెయ్యగలరో ఆయన మాటల్లోనే రాయించుకోండి. ఎంత లోతు నీరు తెలుస్తుంది? పారే నీరే తెలుస్తుందా, నిలవ నీరు కూడానా? పదిసార్లు చూస్తే ఎన్నిసార్లు సరిపోతుంది? ఏ రోజు, ఏ వేళ పని చెయ్యదు? ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్లకే తెలుస్తుందని కొందరంటారు. అలాంటిదేమన్నా ఉంటే అదీ రాయాలి. ఇవన్నీ ఆయన ఒప్పుకుని సంతకం పెట్టాకే తేదీ ఖరారు చెయ్యండి. పరీక్షలన్నీ చెడేది ఇక్కడే. రాసుకోకుండా మొదలుపెడితే, తప్పిన తర్వాత "ఈవేళ అమావాస్య", "మీ అనుమానపు చూపులకు శక్తి పోయింది" లాంటి మాటలు వస్తాయి. అవి అబద్ధాలని చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

నిలవ నీరు కూడా తెలుస్తుందన్నారనుకుందాం. 20 లీటర్ల పెయింట్ బకెట్లు మూతలతో సహా పది తీసుకోండి. ఒకదాంట్లో 15 లీటర్ల నీళ్లు, మిగతా తొమ్మిదింట్లో ఒక్కోదాంట్లో 15 కిలోల ఇసుక. ఇసుకను రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి, లేకపోతే "తేమ తగిలింది" అనడానికి దారి దొరుకుతుంది. బకెట్ల మీద ఒకే సైజు అట్టపెట్టెలు బోర్లించాలి. నీళ్ల బకెట్ అంచు చల్లగా ఉంటుంది, మూత కింద చెమ్మ పడుతుంది. పెట్టె వేస్తే అవి కనబడవు. బకెట్‌కూ బకెట్‌కూ మధ్య ఆరేడు అడుగుల ఎడం. పైన షామియానా తప్పనిసరి.

నేల సంగతి ముందే చూసుకోవాలి. బకెట్లు పెట్టకముందు ఆయన్ని ఆ స్థలమంతా నడవమనండి. ఎక్కడైనా కాయ లేస్తే ఆ చోటుకు సున్నం గీత గీసి వదిలేయండి. తర్వాత "అడుగున ఊట ఉంది" అనే మాట రాదు.

తర్వాత రెండు జట్లు కావాలి. మొదటి జట్టు పేకముక్కల్లో ఒకే గుర్తున్న ఆసు నుంచి పది దాకా తీసి కలిపి ఒకటి లాగుతుంది. ఏ నంబరొస్తే ఆ స్థానంలో నీళ్ల బకెట్. ప్రతి విడతకూ ముక్కను వెనక్కి కలిపి మళ్లీ లాగాలి. "మొన్నే ఐదులో పెట్టాం, ఈసారి వేరే చోట పెడదాం" అని మనుషులు ఎంచితే అందులో ఒక వరస ఉంటుంది, ఎదుటివాళ్లు ఇట్టే పట్టేస్తారు. పని అయ్యాక ఈ జట్టు గోడ చాటుకు పోయి ఈల వెయ్యాలి. ఆయన కనబడినంతసేపూ వీళ్లు కనబడకూడదు. రెండో జట్టు ఆయనతో ఉంటుంది, నీళ్లెక్కడున్నాయో వాళ్లకూ తెలియకూడదు. తెలిసినవాడు పక్కనుంటే సరైన బకెట్ దగ్గర ఊపిరి బిగపడతాడు. ఆ ఒక్క సంగతి చాలు, పరీక్ష పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. నీళ్ల బకెట్‌ను మాత్రమే జరపడం. మట్టిలో ఈడ్చిన గుర్తు పడుతుంది, లేకపోతే రెండు చుక్కలు ఒలుకుతాయి. ప్రతి విడతకూ పది బకెట్లనూ ఎత్తి పెట్టాలి. ఓపిక పని, కానీ దీనికి అడ్డదారి లేదు.

అసలు పరీక్షకు ముందు మూడు విడతలు మూతలు తీసి, నీళ్లు కనబడేట్టు పెట్టి చూడమనండి. కాయ లేస్తుంది. "ఈవేళ శక్తి బాగానే ఉందా?" అని అడిగి జవాబు రాసి సంతకం తీసుకోండి. తర్వాత పది మూసిన విడతలు. ఒక్కోదానికి పదిహేను నిమిషాలనుకుంటే పొద్దున ఏడింటికి మొదలుపెడితే పదకొండుకల్లా ముగుస్తుంది. ఫలితాలు చివరిదాకా చెప్పకండి. రెండు జట్ల దగ్గరా రెండు ఫోన్లు ఆపకుండా రికార్డు చెయ్యాలి.

ఎన్ని సరిపోతే నెగ్గినట్టు? గుడ్డిగా చెప్పినా పదిలో ఒకటి తగులుతుంది. మూడు, అంతకుమించి తగలడం పద్నాలుగు మందిలో ఒకరికి జరుగుతుంది. మూడును గీతగా పెట్టుకుంటే పదిహేను మందిని పరీక్షించేసరికి ఎవరో ఒకరు నెగ్గేస్తారు. ఐదు, అంతకుమించి అయితే సుమారు 600 మందిలో ఒకరికే ఊహతో వస్తుంది. ఆయన తనకు పదిలో తొమ్మిది వస్తాయని రాసిచ్చారనుకుంటే ఐదు అడగడం అన్యాయం కాదు. ఐదు, అంతకుమించి వస్తే ఏం చెయ్యాలి? చప్పట్లు కొట్టి, వేరే స్థలంలో వేరే జట్టుతో ఇంకో పది విడతలు పెట్టాలి. ఆ రెండో పరీక్ష ఉంటుందని కూడా మొదటి కాగితంలోనే ఉండాలి.

పారే నీరే కావాలంటే పని పెరుగుతుంది. 1990లో జర్మనీలో కాసెల్ దగ్గర అక్కడి సంశయవాదుల సంఘం నేలలో 50 సెంటీమీటర్ల లోతున ప్లాస్టిక్ పైపు పాతి, వాల్వుతో నీళ్లు వదులుతూ ఆపుతూ దాదాపు 30 మందిని పరీక్షించింది. పైపు ఎక్కడుందో అందరికీ కనబడేట్టు గుర్తు పెట్టారు. ఇప్పుడు పారుతోందా లేదా అన్నది ఒక్కటే చెప్పాలి. ఊహించి చెప్పినవాళ్ల కంటే మెరుగ్గా రాలేదు. మీరు చేస్తే మోటారు ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. నీళ్లు పైపులోకి పోనప్పుడు పక్క గొట్టం గుండా తిరిగి ట్యాంకులోకి పడాలి, అప్పుడే శబ్దంలో తేడా రాదు. ముందు రోజు గంటసేపు నీళ్లు వదిలి జాయింట్లు కారుతున్నాయేమో చూడండి, నేల తడిస్తే అంతా వృథా. బొమ్మా బొరుసూ వేసి 20 విడతలు చెయ్యండి. 17 సరిపోవాలి. ఊహతో 17, అంతకుమించి రావడం దాదాపు 800 మందిలో ఒకరికి జరుగుతుంది.

మా పక్క ఊళ్లో ఒక ఇంట్లో బట్టలు వాటంతటవే అంటుకుంటున్నాయి, పెంకుల మీద రాళ్లు పడుతున్నాయి. బాణామతి అంటున్నారు. వెళ్లి ఏం చూడాలి? – ఒక ఉపాధ్యాయిని, నారాయణఖేడ్

ముందు ఏం చెయ్యకూడదో చెబుతాం. జనం మధ్యలో నిలబడి "ఇది ఫలానావాళ్ల పని" అనకండి. మీ జిల్లా వైపు బాణామతి, అంటే చేతబడి, నెపంతో మనుషుల పళ్లు పీకిన రోజులున్నాయి. 1980ల్లో విజయవాడ నాస్తిక కేంద్రంవాళ్లు డాక్టర్లనూ మానసిక వైద్యులనూ వెంటబెట్టుకుని మెదక్ పల్లెలకు వెళ్లింది ఆ భయాన్ని దించడానికే. ఎవరినైనా మంత్రగాళ్లని బెదిరిస్తున్నా, ఊరు విడిచిపొమ్మంటున్నా పరిశోధన పక్కనబెట్టి ముందు పోలీసులకు చెప్పండి.

తర్వాత ఒక నోటుబుక్కు. ప్రతి ఘటనకూ తేదీ, వేళ, ఏ గది, ఏ వస్తువు, ముందు చూసింది ఎవరు, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు – ఈ ఆరు గళ్లు గీసి ఇంటిల్లిపాదినీ విడివిడిగా అడిగి నింపండి. పదిహేను ఘటనలు రాసేసరికి ఒక పేరు అన్ని వరసల్లోనూ కనబడటం తరచూ జరిగేదే. రాత్రి అందరూ పడుకున్నాక ఏమీ జరగలేదంటే, ఒకరు అమ్మమ్మగారింటికి వెళ్లిన మూడు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉందంటే మీకు దారి దొరికినట్టే. ఎక్కువసార్లు అది బడి మాన్పించిన పిల్లో, అత్తింట్లో నోరెత్తలేని కోడలో అవుతుంది. పెళ్లి వద్దనో, చదువుకుంటాననో నోటితో చెప్పలేని మాట నిప్పుతో బయటికొస్తుంది. ఆమెతో ఒంటరిగా, ఆడమనిషే మాట్లాడాలి. ఒప్పించి మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. ఊరికి మాత్రం "కారణం తెలిసింది, దయ్యం కాదు, ఇక జరగదు" అని చెబితే చాలు. పేరు ఎవరికీ అక్కర్లేదు, మీ సంఘంలోని మిగతా సభ్యులకు కూడా.

కాలిన గుడ్డను మూత ఉన్న గాజుసీసాలో పెట్టండి, ప్లాస్టిక్ కవరులో వద్దు. వెల్లుల్లి లాంటి వాసన, తెల్లటి పొగ ఉంటే తెల్ల భాస్వరం అయ్యుండొచ్చు. చేత్తో తాకకండి. రాళ్లు పడితే ఆ రాళ్లకు సుద్దతో నంబర్లు వేసి వదిలేయండి. అవే రాళ్లు మళ్లీ పడితే విసిరేవాళ్లు దగ్గర్లోనే ఏరుకుంటున్నారని అర్థం.

నిమ్మకాయ కోస్తే రక్తం కారడం పసుపూ సున్నం వల్లేనని మా సంఘం మిత్రుడు స్కూల్లో చెప్పి, చేసి చూపించబోతే ఎరుపు రాలేదు. పిల్లలు నవ్వారు. – ఒక పాఠకుడు, తెనాలి

రాదు మరి. పసుపు నీళ్లలో సున్నం పడితే ఎర్రబడుతుంది, దిష్టి తీసే నీళ్లు అవే. కానీ నిమ్మరసం పులుపు. అందులో పడగానే ఎరుపు పోయి మళ్లీ పసుపే మిగులుతుంది. నిమ్మకాయకు కావలసింది మందార. ఎర్ర మందార రేకలు నాలుగైదు కత్తికి రెండు వైపులా బాగా రుద్ది, నీడలో ఆరనివ్వండి. మళ్లీ రుద్ది ఆరబెట్టండి. ఆ కత్తితో రసం బాగా ఉన్న కాయను నెమ్మదిగా కోస్తే ఎర్రగా కారుతుంది. మందారలోని రంగు పులుపు తగిలితే ఎరుపెక్కుతుంది. కత్తి బాగా కడగకపోతే పాత సబ్బు వల్ల రంగు చెడుతుంది.

అన్నట్టు, తప్పు వివరణ ఇవ్వడం కంటే "చూసి చెబుతాం" అనడం నయం. పిల్లలు గుర్తుపెట్టుకునేది ఆ నవ్వునే.

విగ్రహం పాలు తాగుతోందని మళ్లీ పుకారు లేస్తే గుడిలో పరీక్ష ఎలా? జనం కొట్టరా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

1995 సెప్టెంబర్ 21న దేశమంతా వినాయకుడికి పాలు పట్టినప్పుడు కేంద్ర ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఢిల్లీలో ఒక గుడికి వెళ్లి రంగు కలిపిన పాలు చెంచాతో పట్టారు. చెంచా ఖాళీ అవుతున్న కొద్దీ కింద విగ్రహం మీద రంగు పరుచుకుంది. తలతన్యత, అంటే ద్రవం పైపొరలో ఉండే బిగువు, వల్ల పాలు చెంచా అంచు నుంచి రాయి మీదికి లాగబడి, పలచటి పొరగా కిందికి జారతాయి. తెల్ల పాలు తెల్లరాయి మీద కనబడవు, అంతే.

అర్చకుడి అనుమతి లేకుండా మాత్రం చెయ్యకండి. ఆయన ఒప్పుకుంటే ఆయన చేతే పట్టించండి. ఒప్పుకోకపోతే అలాంటిదే ఒక రాతిబొమ్మ తెచ్చి బడిలో చూపించండి, ఫలితంలో తేడా ఉండదు. 2012లో ముంబైలో ఒక చర్చిలో శిలువ నుంచి కారుతున్న నీళ్లు గోడ వెనక పూడుకుపోయిన మురుగు కాలువ నుంచి వస్తున్నాయని హేతువాది సనల్ ఎడమరుకు చెప్పారు. మతాన్ని అవమానించారని ఆయన మీద కేసులు పడ్డాయి, దేశం వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. కారణం సరిగ్గా చెప్పినంత మాత్రాన కేసు తప్పదు. ఏం మాట్లాడాలో ముందే రాసుకుని, నీటి దారి గురించి మాత్రమే మాట్లాడండి, భక్తుల గురించి వద్దు.

మేమూ లక్ష రూపాయల సవాలు ప్రకటిద్దామనుకుంటున్నాం. – ఒక సంఘం కార్యదర్శి, ఖమ్మం

డబ్బు బ్యాంకులో ఉంటేనే ప్రకటించండి. హేతువాది అబ్రహాం కోవూర్ 1963లో శ్రీలంకలో లక్ష రూపాయల సవాలు విసిరారు. అమెరికాలో జేమ్స్ రాండి 1964లో వెయ్యి డాలర్లతో మొదలుపెట్టి తర్వాత పది లక్షల డాలర్లదాకా తీసుకెళ్లారు. రెండూ ఎవరికీ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. రాండి స్వయంగా గారడీ చేసేవాడు, చేతివాటం ఎక్కడ దాక్కుంటుందో ఆయనకు తెలుసు. మీ జట్టులోనూ ఒక ఇంద్రజాలికుడు ఉండాలి. ఎంత చదువుకున్న ప్రొఫెసరైనా మనోశక్తితో చెంచా వంచుతానని చెప్పేవాడి చేతుల్లో తేలిగ్గా మోసపోతాడు.

సవాలు పత్రంలో మూడు సంగతులు తప్పకుండా రాయండి. పరీక్ష ఖర్చు ఎవరిది, ప్రాణహాని ఉన్న పరీక్షలు చెయ్యం, ఫలితం ఏదైనా ఇద్దరూ ప్రచురించుకోవచ్చు. ఫలితం తేలకపోతే "తేలలేదు" అనే రాయండి, ఓడిపోయాడని రాయకండి. ఆ పత్రం రెండు ప్రతులు తీసి, చెరొకటి సంతకాలతో దగ్గర పెట్టుకోండి.