పైకి ఈదడం మొదలెట్టాక ట్రౌట్ పిల్లలు చనిపోతుంటే

క్లాసు ట్యాంకులో గుడ్ల నుంచి పెంచుతున్న ట్రౌట్ (చల్లటి నీళ్ల చేప) పిల్లలు చనిపోతున్నాయి, చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) పాడైందా అని అడిగారు కదా. చిల్లర్ తప్పు కాదండి, నీళ్లు 52 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉన్నాయని మీరే రాశారు. గుడ్లన్నీ బాగా పొదిగి, సొన సంచి కరిగి, మేత మొదలుపెట్టిన వారానికి క్లాసులో రోజూ నాలుగైదు పిల్లలు పోతున్నాయంటే అది చాలావరకు అమ్మోనియా (చేపల వ్యర్థాలు, మిగిలిన మేత నుంచి నీళ్లలో చేరే విషం) పని కావచ్చు. చల్లటి నీళ్లలో దాన్ని తినే బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, మేత పడగానే ఫిల్టర్ తట్టుకోలేదు.

1. ఈరోజే అమ్మోనియా, నైట్రైట్ (ఆ బ్యాక్టీరియా అమ్మోనియాని మార్చగా వచ్చే మరో విషం) రెండూ టెస్ట్ చేయండి. సున్నా కాకపోతే ఐదో వంతు నీళ్లు మార్చండి, రేపు మళ్లీ చూడండి. ఈ ఒక్కరోజు మేత ఆపినా పిల్లలకేం కాదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: కొత్త నీళ్లకి క్లోరిన్ విరుగుడు మందు కలిపి, ట్యాంకులో ఉన్నంత చల్లగా చేశాకే పోయాలి. కుళాయి నీళ్లలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్రిమిసంహారకం) ఉంటే రాత్రంతా బకెట్లో నిలవబెట్టినా పోదు, మందు వేయాల్సిందే. గది వేడిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా పోస్తే అంత చిన్న పిల్లలు తట్టుకోలేవు, పాపం.

3. రాళ్ల సందుల్లో గోధుమరంగు పొడిలా పేరుకున్న మేతని, చనిపోయి బూజు పట్టిన పిల్లల్ని టర్కీ బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న పెద్ద పిల్లర్ లాంటి గొట్టం) రోజూ పీల్చి తీసేయండి.

4. ఫిల్టర్ స్పాంజిని మాత్రం కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి అందులోని ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది; బకెట్లోకి తీసిన ట్యాంకు నీళ్లలోనే జాడించండి.