కరెంటు పోతే ఏం నడవాలి?

ప్ర: డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా, కరెంటు పోతే మా ఇంట్లో ఫ్యాను కూడా తిరగదు. ప్యానెళ్లలో లోపమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జ: లోపమేమీ లేదమ్మా. బ్యాటరీ లేకుండా వీధి లైనుకు కలిపి నడిపే ఆన్‌గ్రిడ్ సోలార్ అంతే. వీధి లైన్లో కరెంటు ఉందా లేదా అని ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ అనుక్షణం చూస్తుంటుంది. లేదని తెలిసిన వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే మీ డాబా మీది కరెంటు స్తంభానికి పాకుతుంది. లైన్ ఆపేశాం కదా అని తీగ పట్టుకున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. అమ్మేవాళ్లు ముందే చెప్పాల్సిన మాట ఇది. చాలామంది చెప్పరు.

కరెంటు పోయినా ఫ్యాన్లు తిరగాలంటే, సోలార్‌ను అలాగే ఉంచి, పక్కన మామూలు ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకోవడం చవకైన దారి. బ్యాటరీ 12 వోల్టులను 150తో గుణిస్తే 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. బ్యాటరీని అడుగంటా వాడకూడదు, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది. చేతికొచ్చేది 1100 దాకా. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు, 9 వాట్ల బల్బులు నాలుగు, వైఫై కలిపితే సుమారు 270 వాట్లు. అంటే నాలుగు గంటలు. ఆ మూడు ఫ్యాన్లూ తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకానివి అయితే అదే బ్యాటరీ ఎనిమిది గంటలు లాగుతుంది. రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చండి.

పగటి ఎండనే వాడుకోవాలంటే సోలార్ ఇన్వర్టర్ తీసేసి, బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్‌ది పెట్టాలి. 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో అయిదు యూనిట్లు నిలవుంటాయి. ఖర్చు ఎక్కువే. వరుసగా కలిపిన ప్యానెళ్ల మొత్తం వోల్టేజి కొత్త ఇన్వర్టర్ పరిధిలో ఉందో లేదో చూపించుకోండి, డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) చెప్పే మార్చండి.

ప్ర: తుపానొస్తే మూడు నాలుగు రోజులు కరెంటుండదు. 1 హెచ్‌పీ బోరు మోటారుకి, ఫ్రిజ్‌కి ఎంత జనరేటర్ కావాలి? రెండు కొసలా ప్లగ్గులున్న వైరుతో జనరేటర్ని సాకెట్‌కి కలిపేస్తే ఇల్లంతా కరెంటొస్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జ: వస్తుంది. ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఒక కొస ఊడితే ఆ ప్లగ్గు పిన్నుల మీద 230 వోల్టులు బయటికే ఉంటాయి. మెయిన్ ఆపడం మరిచారా, కరెంటు వెనక్కి నడిచి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేల వోల్టులుగా మారి లైన్లోకి ఎక్కుతుంది. ఇంతలో అసలు కరెంటొస్తే జనరేటర్ కాలిపోతుంది. మీటరు తర్వాత చేంజోవర్ స్విచ్ పెట్టించండి, అది ఇంటిని లైనుకో జనరేటర్‌కో ఏదో ఒక్కదానికే కలుపుతుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిసి మారే టూ-పోల్ రకమే కావాలి.

1 హెచ్‌పీ మోటారు తిరిగేటప్పుడు 1100 వాట్ల దాకా తీసుకుంటుంది. అందుకుంటున్న రెండు మూడు క్షణాలు అంతకు నాలుగైదు రెట్లు లాగుతుంది. 2 కేవీఏ (సుమారు 2 వేల వాట్ల) జనరేటర్ అక్కడే మూలిగి ఆగుతుంది, 5 కేవీఏ తీసుకోండి. ముందు మోటారు ఒక్కటే వేయండి, అది కుదురుకున్నాక ఫ్రిజ్. రోజంతా నడపక్కర్లేదు. పొద్దున గంట, సాయంత్రం గంట చాలు: ట్యాంకు నిండుతుంది, ఫ్రిజ్ చల్లబడుతుంది, ఇన్వర్టర్ ఉంటే దాని బ్యాటరీకీ కొంత ఎక్కుతుంది. పెట్రోలు గంటకు లీటరు పైనే పడుతుంది.

వాన కదా అని వరండాలో పెట్టకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే చంపేస్తుంది. కిటికీలకు 20 అడుగుల దూరంలో, పైన రేకు నీడ ఉండి నాలుగు వైపులా తెరిచిన చోట పెట్టండి.

తుపాను నాడే తీస్తే స్టార్ట్ కాదు, నెలలుగా నిలవున్న పెట్రోలు జిగురై కార్బురేటర్ పూడుకుపోతుంది. నెలకోసారి లోడు వేసి పావుగంట నడిపి, పెట్రోలు కుళాయి కట్టేసి, దానంతటది ఆగేదాకా వదిలేయండి.

ప్ర: ఇన్వర్టర్ ఫుల్ చార్జ్ చూపిస్తోంది, పది నిమిషాలకే ఆగిపోతోంది.
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జ: బ్యాటరీలో నీళ్లు చూడండి. ప్లేట్లు తేలి ఎండితే బ్యాటరీ నిలవ పట్టదు. డిస్టిల్డ్ వాటరే పోయండి, కుళాయి నీళ్లూ యాసిడూ వద్దు. నింపి, రోజంతా చార్జ్ పెట్టినా మారకపోతే ఏదో ఒక సెల్ పోయినట్టే. పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోండి.