పందిరిలా వెయ్యి, విగ్రహంలా చెక్కకు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

భోగాపురం విమానాశ్రయం టెర్మినల్‌కి నువ్వు గీసిన డ్రాయింగులు అందాయి. డైనింగ్ టేబుల్ మీద పరిచి, నాలుగు మూలలా స్టీలు గ్లాసులు పెట్టి రెండు రోజులు చూశాను. మూడో రోజు కంచాలకి చోటు లేదని మీ పెద్దమ్మ చుట్టేసి అటక మీద పెట్టింది. నీ గీత బాగుంది. అది మీ నాన్న నుంచి మాత్రం రాలేదు, వాడు స్కేలు పెట్టి గీసినా వంకరే వచ్చేది.

టెర్మినల్ శంఖం ఆకారంలో ఉంటుందన్నావు. సముద్రం, శుభం, స్వాగతం అన్నీ అందులో ఉన్నాయని రాశావు. ఒప్పుకుంటాను. అయితే ఆ శంఖం ఎవరికి కనిపిస్తుంది? హైవే మీంచి భోగాపురం వైపు తిరిగే కారులో వాళ్ళకి కనిపించేది ఒక వంపు గోడ, అంతే. శంఖం అని తెలియాలంటే పైనుంచి చూడాలి. కిటికీ సీటు దొరకాలి, విమానం అటువైపు ఒరగాలి. పైగా తోక సన్నబడే చోటే సెక్యూరిటీ చెక్ పెట్టావు. పొద్దున్నే మూడు విమానాలు వరసగా ఉన్న రోజు, చంకలో పిల్లాడితో, చేతిలో బెల్టుతో జనం ఆ ఇరుకులో ఎలా నిలబడతారో ఒకసారి ఊహించు.

దీన్ని తిట్టుగా తీసుకోకు. నీకంటే చాలా గొప్పవాళ్ళే ఇక్కడ తడబడ్డారు. న్యూయార్క్‌లో టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థకి ఈరో సారినెన్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన టెర్మినల్ మీ పాఠాల్లో ఉండే ఉంటుంది. పెంకుల్లా వంపు తిరిగిన నాలుగు కాంక్రీటు కప్పులు, నాలుగు వై ఆకారపు స్తంభాల మీద నిలిచి ఉంటాయి. చూసినవాళ్ళంతా రెక్కలు విప్పిన పక్షి అన్నారు. తను పక్షిని అనుకుని గీయలేదనీ, ప్రయాణంలోని ఉత్సాహమే తనకి కావలసిందనీ ఆయన చెప్పుకున్నాడు. చెబితే ఎవరు వింటారు? జనం చూసిన బొమ్మే మిగిలింది. 1962లో అది తెరుచుకునే నాటికి ఆయన లేడు, అంతకు ముందు ఏడాదే పోయాడు.

ఆ కట్టడం అందం గురించి నాకు రెండో మాట లేదు. చిక్కల్లా అది పూర్తయిపోయిన బొమ్మ కావడమే. గీస్తున్నప్పుడు ఉన్న విమానాలు వేరు, తెరిచాక వచ్చినవి వేరు. 1970లో జంబో జెట్ దిగేసరికి ఒక్క విమానంలోంచే వందల మంది దిగడం మొదలైంది. పక్షికి మూడో రెక్క ఎక్కడ అతుకుతాం? 2001లో మూసేశారు. చాలా ఏళ్ళు ఖాళీగా పడి ఉండి 2019లో హోటల్ అయింది. హోటల్‌గా బాగుందట. పారిస్‌లో పాల్ ఆంద్రూ అనే ఆర్కిటెక్ట్ 1974లో కట్టిన గుండ్రటి టెర్మినల్‌దీ ఇదే కథ. వృత్తానికి కొనసాగింపు ఉండదు కనుక, రెండో టెర్మినల్‌ని వేరే పద్ధతిలో, పొడుగ్గా వేసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు అదే సారినెన్ కట్టిన వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయం చూడు. అదీ 1962లోనే తెరిచారు. రెండు వరసల స్తంభాలు, వాటి మధ్య ఉయ్యాలలా వేలాడే కప్పు. లోపల తీగలు, వాటిమీద కాంక్రీటు. కప్పు బరువుకి స్తంభాలు లోపలికి లాగబడతాయి కాబట్టి, వాటిని బయటికి ఒరిగేలా నిలబెట్టాడు. బరువైన బిందె ఒక చేత్తో ఎత్తినప్పుడు మనిషి రెండో వైపుకి ఒరుగుతాడు చూడు, అలా. దూరం నుంచి చూస్తే కట్టడం ఇప్పుడో ఇంకాసేపటికో లేచిపోయేలా ఉంటుంది. ఎగరడం అనే భావం అక్కడ అలంకారంగా రాలేదు, బరువు మోసే తీరులోంచే వచ్చింది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. 1990ల్లో దాన్ని పొడిగించాల్సి వచ్చినప్పుడు రెండు వైపులా అవే స్తంభాలు, అదే కప్పు వేసుకుంటూ పోయారు. 600 అడుగుల కట్టడం 1,200 అడుగులు దాటింది. ముందే అలా పెరగాలని అనుకుని గీశాడు కనుక ఎక్కడా అతుకు తెలియదు. మన పెళ్ళి పందిరి లాంటిదే అనుకో. బంధువులు ఎక్కువ వస్తే ఇంకో నాలుగు రాటలు పాతి, ఇంకో రెండు తాటాకు పట్టలు వేస్తాం. అది పందిరే, ఇంకొంచెం పెద్దదైంది. విగ్రహానికైతే ఇంకో చెయ్యి పెట్టలేం.

నేను నీకు చెప్పదలుచుకున్నది ఇదే. శంఖం వద్దనను. మొత్తం కట్టడాన్ని శంఖం చెయ్యకు. మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక్క ముక్కలో నీ భావాన్ని పెట్టు. ఒక స్తంభంలో, ఒక కప్పు భాగంలో. బెంగళూరు రెండో టెర్మినల్‌లో లోకప్పు నిండా వెదురు వాడారు. బెంగళూరుకున్న తోటల ఊరు అనే మాట ఆకారంలో కాదు, ఆ వెదురులోనూ, వేలాడే మొక్కల్లోనూ ఉంది. రేపు ఇంకో హాలు కలిపినా ఆ మాట చెడదు.

డల్లెస్‌ని పొగిడాను కదా అని అంతా నెత్తిన పెట్టుకోకు. జనం ఎక్కువ నడవకూడదని గది లాంటి పెద్ద బళ్ళలో ఎక్కించి విమానం దాకా తీసుకెళ్ళే ఏర్పాటు చేశారక్కడ. అప్పటికి గొప్ప ఆలోచన. ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కేవాళ్ళు పెరిగేసరికి ఆ బళ్ళ కోసం కాచుకోవడమే పని అయింది. 2010లో నేల కింద రైలు వేశారు. సౌకర్యం పేరుతో చేసిందీ ముసలిదవుతుంది అమ్మడూ, ప్రతీక ఒక్కటే కాదు.

ఇక వాన. ఇది నా నెత్తిన పడ్డ సంగతి కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. ఉద్యోగంలో కొత్తల్లో ఒక ఆఫీసు కట్టాం, ఎవరిదో ఎందుకులే. రేవు పట్టణం కదా అని కప్పుని తిరగేసిన రెండు పడవల్లా చేశారు. పడవల మధ్య లోయకి గట్టర్ సైజు నేనే లెక్కకట్టాను. లెక్క తప్పు కాదు, కానీ ఆకులు, కాకి గూళ్ళు లెక్కలో లేవు. మొదటి తుపానుకే పెద్దాఫీసరు గదిలో ఆరు బకెట్లు పెట్టారు. నీ శంఖం మెలిక దగ్గర నాకు అచ్చం అలాంటి లోయే కనిపించింది. అక్కడికి మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కగలడా? అక్కడ నిలువునా కోసినట్టు సెక్షన్ గీసి చూపించు.

హుద్‌హుద్ తుపాను నాటికి నువ్వు చిన్నపిల్లవి. 2014 అక్టోబరు 12. మన విమానాశ్రయం కప్పు ఊడింది, అద్దాలు పగిలాయి, కొన్ని రోజులు విమానాలే లేవు. గాలి లోపల దూరితే కప్పుని కిందినుంచి తంతుంది. ముందుకి చాలా దూరం చొచ్చుకొచ్చిన నీ చూరుని ఒకసారి మీ స్ట్రక్చర్స్ మాస్టారికి చూపించు. ఉప్పు గాలికి బయట ఉక్కు ఎంత తొందరగా తుప్పు పడుతుందో మా బాల్కనీ గ్రిల్ చూస్తే చాలు.

చూరు తీసెయ్యమని మాత్రం అనను. ఎందుకంటే టికెట్ లేనివాళ్ళని మన దగ్గర గుమ్మం దాటనివ్వరు. శ్రీకాకుళం పల్లెనుంచి గల్ఫ్ వెళ్ళే కుర్రాడికి టెంపో నిండా జనం వస్తారు. పెట్టెకి తాడు కట్టి, మార్కర్‌తో పేరు రాసి, ఆవకాయ సీసాకి మూడు కవర్లు చుట్టి తెస్తారు. బొట్టు పెట్టడం, ఏడవడం, ఫోటోలు, అంతా రోడ్డు పక్కనే, ఎండలోనే. ఆ సాగనంపడానికి నీ ప్లానులో చోటే లేదు. పొడవాటి అరుగు వెయ్యి. పైన నీడ, కూర్చోడానికి గట్టు, తాగడానికి నీళ్ళు. మన ఊళ్ళ ఇళ్ళకి వీధి అరుగు ఉండేది కదా, అదే. నాకైతే శంఖం కంటే ఆ అరుగే ఉత్తరాంధ్ర. నీకు నచ్చకపోతే పోట్లాడు, వింటాను.

డల్లెస్ గీసేముందు సారినెన్ తన మనుషులకి స్టాప్‌వాచీలిచ్చి విమానాశ్రయాలకి పంపాడు, జనం నిజంగా ఏం చేస్తున్నారో చూసి రమ్మని. నువ్వూ వెళ్ళు. లోపలికి వెళ్ళలేకపోయినా ఫర్వాలేదు, నీకు కావలసింది బయటే ఉంది. దసరాకి వస్తే పొద్దున్న ఐదింటికి నేనూ వస్తాను. కారు దిగిన దగ్గర్నుంచి గుమ్మం దాకా ఎంతసేపు, ఎంతమంది వెనక్కి తిరిగి చూశారు, ట్రాలీ ఎక్కడ ఇరుక్కుంది, అన్నీ రాసుకుందాం. ఫ్లాస్కులో కాఫీ మీ పెద్దమ్మ ఇస్తానంది. డ్రాయింగులు అటక మీదే ఉన్నాయి, వచ్చినప్పుడు దింపుకో.

ఇట్లు,
మీ పెదనాన్న