చెక్కు అందుకునే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

కొత్త రోడ్డుకి కాలువ గట్టు తోట పోతోందని, నాన్న అన్నం కూడా సరిగ్గా తినడం లేదని చెప్పావు. ప్రతి కొబ్బరి మొక్కకీ కావిడితో నీళ్లు మోసినవాడు, బెంగ ఉండదా? నువ్వు మాత్రం ముందు నోటీసు ఏ చట్టం కింద వచ్చిందో చూడు. జాతీయ రహదారుల చట్టమైతే అభ్యంతరానికి 21 రోజులే గడువు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 అయితే 60 రోజులు. నోటితో చెప్పి వచ్చేయకు. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకో.

కొలతలకి వచ్చిన రోజు పని మానుకునైనా తోటలో ఉండు. మీ అత్తయ్య తోటలో కాపు చెట్లే రాసుకున్నారు. నాలుగేళ్ల మొక్కలు, బోరు, పశువుల పాక వదిలేశారు. అన్నీ పంచనామాలో ఎక్కాకే సంతకం పెట్టు. ధరకి గత మూడేళ్ల రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కూడా అధికారులు చూడాలి. చుట్టుపక్కల అమ్మకాల నకళ్లు ఇప్పుడే తీయించు. భూమికి, చెట్లకి కట్టిన విలువ మీద మళ్లీ అంతే మొత్తం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం, వస్తుంది.

ఇక నా సంగతి. పాత చట్టం రోజుల్లో కాలువ వెడల్పుకి నా అరెకరం తీసుకున్నారు. చూపించిన చోటల్లా సంతకం పెట్టి చెక్కు తెచ్చుకున్నాను. పక్క చేను ఆవిడ, చదువు లేకపోయినా, ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రశీదు మీద రాయించి వేలిముద్ర వేసింది. కోర్టు ఆవిడకి రేటు పెంచింది. ఆ తీర్పు చూపించి మూడు నెలల్లో నేనూ అడగొచ్చట. నాకు తెలిసేసరికి గడువు దాటింది. అందుకే చెబుతున్నా, ఆ మాట రాయకుండా డబ్బు తీసుకోవద్దు. 2013 చట్టమైతే, అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, ఇచ్చేటప్పుడు నువ్వక్కడుంటే ఆరు వారాల్లోపు కలెక్టరుకి దరఖాస్తు పెట్టాలి, కేసుని అథారిటీకి, అంటే పరిహారం తగాదాలు తేల్చే న్యాయాధికారికి, పంపమని.

ఆదివారం వస్తున్నాను. పాస్‌పుస్తకం, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీసి ఉంచు. తోట ఇంకా తాతయ్య పేరు మీదే ఉందేమో చూడు. ఉంటే సోమవారం పొద్దున్నే ఎమ్మార్వో ఆఫీసుకి ఇద్దరం వెళ్దాం.

మీ పెదనాన్న