కాలేజీ ఆటగాళ్లకు జీతాలిస్తే చిన్న కాన్ఫరెన్సులు నిలబడగలవా?

నిలబడగలవు, కానీ అన్ని ఆటల్లోనూ కాదు. కాన్ఫరెన్సు అంటే తమలో తాము పోటీపడే అమెరికా కాలేజీల కూటమి. 2025 జూన్‌లో, ఆటగాళ్ల చెల్లింపులపై నడిచిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం లభించాక, ఒక్కో అమెరికా విశ్వవిద్యాలయానికి తన క్రీడాకారులకు తొలి ఏడాది (2025-26) మొత్తం సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా చెల్లించే వీలు కలిగింది. అది గరిష్ఠ పరిమితే, తప్పనిసరి కాదు. టీవీ హక్కుల ఆదాయమున్న పెద్ద కాన్ఫరెన్సులు బిగ్ టెన్, ఎస్‌ఈసీలతో అమెరికన్ ఫుట్‌బాల్‌లో పోటీపడితే చిన్న కాన్ఫరెన్సుల చేతులు కాలతాయి.

బాస్కెట్‌బాల్ దారి వేరు. బరిలో ఉండేది ఐదుగురే కాబట్టి ఇద్దరు ముగ్గురు మంచి ఆటగాళ్లతోనే జట్టు మారిపోతుంది. ఫుట్‌బాల్ జట్టే లేని గొంజాగా విశ్వవిద్యాలయం చిన్న కాన్ఫరెన్సులో ఉంటూనే, 1999 నుంచి 2025 దాకా ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) జరిపిన ప్రతి పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటులోనూ ఆడింది. అక్కడ ఆడే మ్యాచులకు టోర్నమెంటు ఆదాయంలో వాటా కాన్ఫరెన్సుకు ఆరేళ్లపాటు అందుతుంది.

పెద్ద జట్ల ఆహ్వానమూ ఆదాయమే. 2022లో చిన్న కాన్ఫరెన్సు జట్టు అపలాచియన్ స్టేట్‌ను ఫుట్‌బాల్ మ్యాచుకు ఎస్‌ఈసీ జట్టు టెక్సస్ ఏ అండ్ ఎమ్ 15 లక్షల డాలర్లిచ్చి పిలిపించుకుంది. వచ్చిన జట్టు 17-14తో గెలిచింది! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.