పై నాలుగు గదుల్లో ఏముంది?

ప్రశ్న: మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో నల్లగింజలను కెమెరాతో గుర్తించి ఏరివేసే యంత్రానికి సీ భాషలో ప్రోగ్రాము రాస్తున్నాను. ఎనిమిది ఫ్లోట్ (దశాంశ) విలువలు ఎనిమిది గదుల్లో వరుసగా ఉన్న 256 బిట్ల వెక్టర్‌లో కింది నాలుగింటిని తీసుకొని, వాటిని మళ్లీ 256 బిట్లకు పెంచి కూడుతున్నాను. ఆప్టిమైజేషన్ (కంపైలర్ కోడును వేగవంతం చేసే పని) లేకుండా 10 వస్తోంది, ఓ2 అనే ఆప్టిమైజేషన్ స్థాయి పెడితే 36 వస్తోంది. ఇది కంపైలర్ తప్పేనా? (నల్గొండ జిల్లా పాఠకుడు)

జవాబు: కంపైలర్ తప్పేమీ లేదు. మీరు వాడిన 'క్యాస్ట్ పీఎస్128 పీఎస్256' అనే ఇంట్రిన్సిక్ (ప్రాసెసర్ సామర్థ్యాలను సీ నుంచి నేరుగా వాడుకునే ఫంక్షన్) కింది 128 బిట్లకే పూచీ పడుతుంది. పై నాలుగు గదుల్లోని విలువలు అనిర్వచితమని ఇంటెల్ వివరణలోనే ఉంది, పైగా దీనికోసం యంత్ర సూచన ఒక్కటి కూడా పుట్టదు.

మీ రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ స్థలంలో) 1 నుంచి 8 వరకు అంకెలున్నాయి. ఆప్టిమైజేషన్ లేనప్పుడు కింది సగం మెమరీలోకి వెళ్లి తిరిగి వస్తుంది, ఏవీఎక్స్‌లో (ప్రాసెసర్ 256 బిట్ల వెక్టర్ సూచనల్లో) 128 బిట్ల లోడు పై సగాన్ని సున్నా చేస్తుంది కాబట్టి 10 రావడం కేవలం అదృష్టం. ఓ2లో మాత్రం రెండు క్యాస్టులూ కలిసి మాయమై పాత రిజిస్టరే యథాతథంగా మిగిలింది, అందుకే 36 వచ్చింది. పాత వడ్లు దులపని గోనెసంచిలో కొత్త వడ్లు పోసి కాంటా పెడితే తూకం ఇలాగే ఎక్కువ వస్తుంది.

పై గదులు సున్నాలుగా ఉండాలంటే 'జెక్స్ట్ పీఎస్128 పీఎస్256' వాడండి. మీ కంపైలర్ పాతదై అది లేకపోతే, సున్నా వెక్టర్‌లోకి 'ఇన్సర్ట్ ఎఫ్128'తో కింది సగాన్ని చేర్చండి.

'అన్‌డిఫైన్డ్' అని పేరున్న ఇంట్రిన్సిక్కులను, వాటి విలువ ఫలితంలోకి రాని చోట తప్ప వాడకండి. ఎల్ఎల్‌వీఎంలో (క్లాంగ్ కంపైలర్‌కు ఆధారమైన వ్యవస్థలో) 'అన్‌డెఫ్' అంటే అనిర్వచిత విలువ ప్రతి వాడకంలో వేరుగా ఉండవచ్చు కనుక, దాన్ని దానితోనే ఎక్స్ఓఆర్ (బిట్లు వేరుగా ఉన్నచోటే 1 ఇచ్చే చర్య) చేసినా సున్నా వస్తుందన్న హామీ లేదు. ఈ చిక్కు వల్లే క్లాంగ్ ఆ ఇంట్రిన్సిక్కులకు సున్నా వెక్టర్‌నే ఇస్తుంది. అన్‌డెఫ్‌ను ఏదో ఒక విలువకు స్థిరపరిచే 'ఫ్రీజ్' ఆదేశం 2020లో ఎల్ఎల్‌వీఎం 10తో వచ్చింది. జీసీసీ అనే మరో కంపైలర్ హెడర్లలోనైతే ఆ ఇంట్రిన్సిక్కుల్లో చలరాశికి ఆ చలరాశినే తొలి విలువగా ఇచ్చారు, మన కుర్రాళ్లు అలా రాస్తే మందలిస్తాం.

మీకు కావలసింది నాలుగు విలువల మొత్తమే కనుక 256 బిట్లకు పెంచే పనే లేదు, 128 బిట్లలోనే కూడండి.