సోలార్ లోపాలు పట్టుకునే పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: పాలిటెక్నిక్ ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) చివరి ఏడాదిలో ఉన్నాను. మా ఇంటి సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి, లైనుకు సరిపడేలా మార్చే పరికరం) మంచి ఎండలోనే పదేపదే ఆగిపోతోంది. ఇలాంటి లోపాలు సరిచేసే పనిలో ఉద్యోగాలుంటాయా? ఏం చదవాలి?
- ఒక విద్యార్థి, కర్నూలు జిల్లా

జవాబు: ఆగిపోయే ముందు ఇన్వర్టర్ తెరపై వోల్టేజి ఎంత ఉందో చూశారా? 253 వోల్టులు దాటుతుంటే లోపం ఇన్వర్టర్‌ది కాకపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, సన్నని తీగ చివర ఉన్న ఇళ్లలో మధ్యాహ్నం వాడకం తక్కువ, ప్యానెళ్ల ఉత్పత్తి ఎక్కువ. మిగులు కరెంటు లైనులోకి ఎదురు వెళ్లేటప్పుడు తీగ నిరోధం వల్ల చివర వోల్టేజి పెరుగుతుంది. ఉండాల్సిన 230 వోల్టుల కన్నా పది శాతం మించి పెరిగితే ఇన్వర్టర్ గ్రిడ్ (కరెంటు సరఫరా లైన్ల వ్యవస్థ) నుంచి తప్పుకోవాలి. ఆ పరిమితిని పెంచేసి చేతులు దులుపుకొనే మెకానిక్కులున్నారు. తర్వాత కాలిపోయేది పక్కింటివాళ్ల టీవీ!

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. ప్యానెళ్లు బిగించడం త్వరగానే నేర్చుకోవచ్చు. లోపానికి కారణం పట్టుకోగలిగినవారే అరుదు. ఉదాహరణకు ఒక రైస్‌మిల్లు నిజంగా పనిచేసే పవర్ 100 కిలోవాట్లు, దాంతోపాటు 48 కేవీఏఆర్ రియాక్టివ్ పవర్ (పని చేయకపోయినా మోటార్లలో అయస్కాంత క్షేత్రానికి కావాల్సినది) తీసుకుంటోందనుకుందాం. తీసుకునే మొత్తంలో పనికొచ్చే వాటా, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.9. సోలార్ 70 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి వచ్చేది 30 కిలోవాట్లే. కానీ మోటార్లకు కావాల్సిన 48 కేవీఏఆర్ అలాగే ఉంటుంది. మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.53కి పడిపోతుంది. కేవీఏహెచ్ లెక్కన (రియాక్టివ్ పవర్‌నూ కలుపుకొని) బిల్లు కట్టే యజమాని, అనుకున్నంత ఆదా కాలేదేమని సోలార్ కంపెనీని నిలదీస్తాడు. హడావిడిగా రియాక్టివ్ పవర్ ఇచ్చే కెపాసిటర్లు పెడితే, కరెంటు తరంగంలోని వికృతులు (హార్మోనిక్స్) వాటి వల్ల మరింత పెరిగి (రెజొనెన్స్) ఆ కెపాసిటర్లూ పాడైపోవచ్చు. ఇన్వర్టర్‌నే కొంత రియాక్టివ్ పవర్ ఇచ్చేలా అమర్చవచ్చని చెప్పగలిగిన ఇంజినీరుకు అక్కడ విలువ.

అందుకే ఈసెట్ (డిప్లొమావారికి బీటెక్ ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్ ట్రిపుల్ ఈలోనే చేరండి. పేరులో సోలార్ ఉందని వేలకు వేలు గుంజే స్వల్పకాలిక కోర్సుల జోలికి వెళ్లవద్దు. పవర్ ఎలక్ట్రానిక్స్, పవర్ సిస్టమ్స్, మెజర్‌మెంట్స్... ఈ మూడింటిలో గట్టిపడితే చాలు. తర్వాత గేట్ ప్రవేశ పరీక్ష ద్వారా ఎంటెక్ చేస్తే ఇన్వర్టర్ల తయారీ, పరీక్షా ప్రయోగశాలల దారి తెరుచుకుంటుంది. ఇంట్లో వెంటనే సంపాదన అవసరమైతే సోలార్ టెక్నీషియన్ల కోసం ప్రభుత్వ సూర్యమిత్ర శిక్షణ ఉంది, కానీ అది ప్రధానంగా బిగింపు, నిర్వహణ పనులకే.

ప్రాజెక్టు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. వారం పాటు ఉదయం పది నుంచి మూడు వరకు పావుగంటకోసారి వోల్టేజి, ఉత్పత్తి, ఇన్వర్టర్ ఆగిన సమయం రాసుకోండి. ఆ గ్రాఫును మీ లెక్చరర్‌కు చూపించి, డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఏఈకి కూడా ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజి సర్దే అమరిక) మార్చాలా, తీగ మార్చాలా అన్న చర్చ అక్కడి నుంచి మొదలవుతుంది.